అమ్మమ్మ ఇంటి అటక

హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసిమ్మని కబురు రాగానే ముందు "లక్ష్యసాధన" మీద రాద్దామని కూర్చున్నాను. మనలో చాలామందిమి అదే రాస్తాం. పాత సంచికలు తిరగేస్తే సగం వ్యాసాలు అవే కనిపిస్తాయి. రెండు పేజీలు రాశాక నాకే నిద్రొచ్చింది. అంచేత అది పక్కన పెట్టి, 2025 సంక్రాంతికి మా అమ్మమ్మ ఇంట్లో గడిపిన అయిదు రోజుల గురించి రాస్తున్నాను. చెల్లెళ్ళూ, పాత విద్యార్థినులైన అక్కలూ ఓపిగ్గా చదవాలి.

నన్ను ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. ఆరో తరగతి నుంచి డిగ్రీ పూర్తయ్యేదాకా నేను ఏలూరు హాస్టళ్ళలోనే ఉన్నాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో అమ్మానాన్నల దగ్గరుండి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. నాన్న చేపల ప్యాకింగు పనికి వెళతారు. మావయ్య గూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో ముఠా కూలీ. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటిదాన్ని నేనే. ఇది గొప్పకి చెప్పడం లేదు, తరవాత కథకి కావాలి.

సెలవులకి ముందు మా క్లాసులో ఒకమ్మాయి తన ఫోనులో ఫోటోలు చూపించింది. వాళ్ళ కుటుంబమంతా పేరుపాలెం బీచ్ దగ్గర ఇల్లు అద్దెకి తీసుకుని మూడు రోజులున్నారట. ఉయ్యాల, ఇసక, సాయంత్రం గాలం వేసి చేపలు పట్టడం. "మీరెక్కడికి వెళతారు?" అని అడిగింది. "మేమూ నీటి ఒడ్డు ఇంటికే" అన్నాను. అబద్ధమైతే కాదు. మా అమ్మమ్మ ఇల్లు కొల్లేటి లంకలో ఉంది. వానాకాలం గట్టిగా వస్తే ఒడ్డేమిటి, నీళ్ళలోనే ఉంటుంది.

2024 సెప్టెంబరులో అలాగే అయ్యింది. బుడమేరు పొంగి విజయవాడ మునిగిందని పేపర్లన్నీ రాశాయి. ఆ నీరు విజయవాడలో ఆగిపోదు. బుడమేరు వచ్చి కలిసేది కొల్లేట్లోనే. తమ్మిలేరు కూడా ఇటే వస్తుంది. ఇన్ని వాగుల నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. విజయవాడలో నీళ్ళు తీసిన తరవాత కూడా మా లంకల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయాయి. పెద ఎడ్లగాడి వైపు రోడ్డు మునిగి ఏలూరు, కైకలూరు మధ్య బస్సులు ఆగిపోయాయి. అమ్మమ్మ ఇంట్లోకి కిటికీ దాకా నీళ్ళొచ్చాయి. ఆవిడ ఊళ్ళో బడి మేడ మీద ఉంది. ఆవిడతో పాటు మేడెక్కినవి రెండే: ఒక మేకపిల్ల, ఒక రేకు డబ్బా.

ఆ వరదకి వెనక గోడ మెత్తబడిపోయింది. ఇంకో వానాకాలం ఆ ఇల్లు ఆగదని మావయ్య తేల్చేశాడు. అమ్మమ్మని గూడెం తెచ్చేసుకోవాలి, ఇల్లు ఖాళీ చెయ్యాలి. భోగికి ఎలాగూ పాత సామాన్లు మంటలో వేస్తాం కదా, పండగా పనీ రెండూ అయిపోతాయన్నాడు. జనవరి 11, రెండో శనివారం, అందరం బయలుదేరాం. అమ్మ, నాన్న, తమ్ముడు, మావయ్య, అత్త, వాళ్ళ చంటిది, నేను. గూడెం నుంచి ఏలూరు, అక్కణ్ణించి కైకలూరు బస్సు, దిగాక ఆటో. ఆటోలోంచి చూస్తే రోడ్డుకి రెండు పక్కలా చెరువు గట్లే. గట్లు అయిపోయిన చోట కిక్కిస, గుర్రపుడెక్క, వాటి మీద తెల్లగా కొంగలు.

ఇంటి గోడకి వరద నీళ్ళ చార అలాగే ఉంది. లోపల బూజు వాసన. అమ్మమ్మ మమ్మల్ని చూసి సంతోషపడింది గానీ, సామాన్ల మాట ఎత్తగానే అరుగు మీద కూర్చుని ఆకు నములుతూ మాట్లాడ్డం మానేసింది.

మావయ్య వాకిట్లో మూడు గుట్టలు పెట్టాడు. ఒకటి భోగి మంటకి, ఒకటి పాత సామాన్ల వాడికి, ఒకటి గూడేనికి. గూడెంలో మేముండేది రెండు గదులు, అంచేత మూడో గుట్ట చిన్నది కావాలని ముందే చెప్పాడు. నేనూ తమ్ముడూ అటకెక్కి అందిస్తుంటే అమ్మా అత్తా కింద అందుకున్నారు. ఏమేం దిగాయో అన్నీ రాస్తే సంచిక చాలదు. కోళ్ళు విరిగిన నులక మంచం, చిరిగిన వలలు, వాటి సీసం గుళ్ళు విడిగా ఒక సంచిలో, మూడు చేటలు, గొట్టం పగిలిన లాంతరు, సొట్టలు పడ్డ సత్తు గిన్నెలు, ఎవరి పెళ్ళిళ్ళవో శుభలేఖలు, తాతయ్య మందు చీటీలు, బ్యాటరీలు కారిపోయిన రేడియో. ఒక్కొక్కటీ దిగినప్పుడల్లా అమ్మమ్మ అరుగు మీంచి ఒక్క మాట అనేది. "ఆ చేటతోనే మీ అమ్మ బారసాల బియ్యం చెరిగాను." "ఆ లాంతరు మీ తాత దోనెలో పెట్టుకెళ్ళేవోడు." మావయ్య వినేవాడు, విని భోగి గుట్టలో పడేసేవాడు. ఆవిడ మళ్ళీ వెళ్ళి తీసి గూడెం గుట్టలో పెట్టేది. సాయంత్రానికి గూడెం గుట్టే పెద్దదైంది.

అప్పుడే ఒక స్టీలు పళ్ళెం దిగింది. అంచు మీద చుక్కలతో పేరు కొట్టించి ఉంది. మా అమ్మ పేరు. పేరు పక్కన "8వ తరగతి" అని. మన హాస్టల్లో పళ్ళేలు మారిపోకుండా మనమూ అలాగే కొట్టించుకుంటాం కదా. అమ్మ కొన్నాళ్ళు హాస్టల్లో చదివిందని నాకు తెలుసు గానీ, పళ్ళెం చూడ్డం అదే మొదటిసారి. అమ్మ దాన్ని అందుకుని, "ఎనిమిదో తరగతి పళ్ళెం ఇప్పుడెందుకు, తూకానికి వెయ్యి" అంది మావయ్యతో. మావయ్య వెయ్యలేదు. ఎంచేతంటే అమ్మ చదువు మానింది మావయ్య పుట్టినప్పుడే. పసివాణ్ణి వదిలి అమ్మమ్మ కూలికి వెళ్ళాలి, ఇంట్లో ఎత్తుకునేవాళ్ళు లేరు. దసరా సెలవులకి ఇంటికొచ్చిన అమ్మ మళ్ళీ హాస్టల్‌కి వెళ్ళలేదు. "నేనే ఆపేశాను" అంది అమ్మమ్మ, ఎవరూ అడక్కుండానే. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు. తరవాత చంటిది ఏడిస్తే అత్త లేచింది, అందరం లేచాం.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ నన్ను లేపింది. "సామాన్లు ఎక్కడికీ పోవు గానీ, రా" అని దోనె దగ్గరికి తీసుకెళ్ళింది. తాటి మాను తొలిచి చేసిన దోనె. అలవాటు లేనివాళ్ళు కూర్చుంటే ఇటు తుమ్మితే అటు వొరుగుతుంది. ఆవిడ వెనక నిలబడి గెడ వేస్తుంటే నేను రెండు అంచులూ పట్టుకుని కూర్చున్నాను. మంచు ఇంకా విడలేదు. కిక్కిస పక్కన రాత్రి ఆవిడ పెట్టి వచ్చిన మావులున్నాయి. వెదురు పుల్లలతో అల్లిన బుట్టలాంటివి, చేప లోపలికి వెళ్ళగలదు గానీ తిరిగి రాలేదు. మొదటి దాంట్లో రొయ్యలు చారెడు. రెండోది ఖాళీ. మూడో దాంట్లో నాలుగు మట్టగిడసలు, రెండు జెల్లలు, పొడుగ్గా ఒక బొమ్మిడాయి.

నేను ఊరుకోలేక, "మట్టగిడసని మేం చన్నా పంక్టేటా అంటాం, కొర్రమీనుని చన్నా స్ట్రయేటా అంటాం, రెండూ ఒకే కుటుంబం. మొప్పలే కాకుండా పైన గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంటుంది, అందుకే బురదలో కూడా బతుకుతాయి" అని చెప్పాను. అమ్మమ్మ అంతా విని, "మరి దాని పిల్లల్ని ఎవరు కాస్తారో రాశారా?" అంది. తల్లీ తండ్రీ రెండూ పిల్లల గుంపు కిందే తిరుగుతుంటాయట. ఎర్రగా పిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే కింద పెద్ద చేప ఉన్నట్టేనట. "అప్పుడు గాలం వెయ్యకూడదు. పెద్దది పోతే పిల్లలన్నీ పోతాయి" అంది. మా రికార్డు పుస్తకంలో ఈ సంగతి "పేరెంటల్ కేర్" అని ఒకే లైనులో ఉంది. నేను బొమ్మ కూడా వేశాను, చేపని మాత్రం చూడలేదు.

ఎండెక్కాక మావయ్య కూడా వచ్చి విసురు వల వేశాడు. ఎన్నేళ్ళ నుంచో ఉల్లిపాయల బస్తాలు మోస్తున్న చేతులు. వల గుండ్రంగా పడకుండా తడిబట్ట విసిరినట్టు పడింది. గట్టు మీద కూర్చున్న ముసలాళ్ళు నవ్వారు. మావయ్యా నవ్వాడు. తమ్ముడు ఎర్రలు తవ్వి గాలం వేసి, మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒక జెల్ల పట్టాడు. దాని ముల్లు గుచ్చుకుని వేలు వాచింది. పేరుపాలెం వెళ్ళినమ్మాయికి ఇది కూడా చెప్పాలనుకున్నాను.

ఆ రోజు రాత్రి, అంటే భోగికి ముందు రోజు, మావయ్య రేకు డబ్బా తీశాడు. వరదలో బడి మేడెక్కిన డబ్బా అదే. నిండా కాగితాలు. పాలిథిన్ కవర్లలో చుట్టి ఉన్నాయి, ఒక్కటీ తడవలేదు. "ఇవి చేపల సొసైటీ కాయితాలు. చెరువే లేదు, ఇంకా ఇవెందుకమ్మా" అని భోగి గుట్ట వైపు తిరిగాడు. అమ్మమ్మ డబ్బా మీద చెయ్యేసింది. "మీ తాత దాచమన్నాడు. చదువుకున్నోళ్ళు చూస్తారన్నాడు. ఇది చదువుకుంది కదా, చూడనీ" అంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. 1970ల్లో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, కొల్లేటి లంకల్లో సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించారు. మా తాతయ్య అలాంటి ఒక సొసైటీలో సభ్యుడు. గట్టు మట్టి తట్టలతో మోసింది అమ్మమ్మ వాళ్ళే. కొన్నాళ్ళు వాళ్ళే సాగు చేశారు. చేపపిల్లలకీ మేతకీ పెట్టుబడి కావాలి, అది లేదు. మెల్లగా చెరువులు లీజుల్లోకి వెళ్ళిపోయాయి. పేరు సొసైటీది, చేపలు ఇంకొకరివి. సభ్యులకి ఏడాదికోసారి లీజు డబ్బు. "గట్టు మాది, నీచు వాసన మాది, చేప లారీ ఎక్కి ఎల్లిపోయేది" అంటుంది అమ్మమ్మ. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలు వచ్చి చెరువుల గట్లు తెగ్గొట్టాయి. వాటిలో తాతయ్య వాళ్ళ చెరువూ పోయింది. ఆ వారమంతా ఊళ్ళో ఏ ఇంట చూసినా చేపలేనట, కొనేవాడు లేడు.

ఈ సంవత్సరాలూ అంకెలూ నాకెలా నోటికొచ్చంటే, పరీక్షలో రాశాను గనక. "కొల్లేరు: జీవవైవిధ్యం, పరిరక్షణ" అన్న ప్రశ్నకి నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ జవాబులో తప్పేమీ లేదు. చెరువుల గట్లు నీటికి అడ్డం పడితే వరద నిలుస్తుందన్నది నిజం, మా గోడ మీద చారే సాక్ష్యం. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు పెట్టుకోవడం నేనూ చూశాను, చూసి మురిసిపోయాను. కానీ నాలుగు పేజీల్లోనూ మనుషుల గురించి ఒక్కటే వాక్యం రాశాను: "స్థానికుల ఆక్రమణలు తొలగించబడినవి." ఆ స్థానికుల్లో మా తాతయ్య ఉన్నాడని పరీక్ష హాల్లో నాకు గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే గుర్తొచ్చినా అలాగే రాసేదాన్నేమో.

సరే, కాగితాల దగ్గరికి వస్తాను. బల్బు కింద చాప వేసుకుని ఒక్కొక్కటే విప్పి పైకి చదివాను. అమ్మమ్మ పక్కన కూర్చుని వింది. ఇన్నేళ్ళు తలమీద మోసిన డబ్బాలో ఏం రాసుందో ఆవిడ వినడం అదే మొదలు. సభ్యత్వం పుస్తకంలో మొదటి పేజీల్లో తాతయ్య వేలిముద్రలున్నాయి. 1992 దాటాక వేలిముద్ర లేదు, సంతకం ఉంది. వంకరటింకరగా, అక్షరానికి అక్షరానికి మధ్య జానెడు ఖాళీ. రాత్రిబడికి వెళ్ళి నేర్చుకున్నాడట. "అప్పట్నించి ఎవరు వేలెయ్యమన్నా ఒప్పుకునేవోడు కాదు. పెన్ను జేబులో ఎట్టుకు తిరిగేవోడు, ఇంకు కారి చొక్కాలన్నీ పాడు" అని నవ్వింది అమ్మమ్మ.

అడుగున మడత పెట్టి ఒక జిరాక్సు కాగితం ఉంది. 1998లో రాసుకున్న లీజు కాగితం. సభ్యులు తమ వాటా డబ్బు ముందే ముట్టిందని ఒప్పుకుంటున్నట్టు. కింద వరసగా పేర్లు. తాతయ్య పేరు ఎదురుగా వేలిముద్ర, పక్కన "నిశాని" అని వేరెవరిదో చేతిరాత.

నేను అది చదివేసి తరవాతి కాగితం తీస్తున్నాను. అమ్మమ్మ ఆపింది. "ఏ సంవత్సరం అన్నావు?"

"1998."

"వేలేశాడా?"

"అవునమ్మమ్మా, వేలిముద్రే."

"మీ తాత వేలెందుకేస్తాడే?"

అప్పటికి గాని నాకు తట్టలేదు. పుస్తకం మళ్ళీ తెరిచాను. 1997లో సంతకం. 1999లో సంతకం. ఒక్క ఆ కాగితం మీదే వేలిముద్ర.

ఆ ఏడాది లీజు డబ్బు ఇంటికి రాలేదట. అడగబోతే, మీ ఆయన ముందే పట్టుకెళ్ళాడని చెప్పారట. తాతయ్య తీసుకోలేదన్నాడు. అప్పుడప్పుడు తాగే మనిషి. అమ్మమ్మ నమ్మలేదు. ఆయనెక్కడికో వెళ్ళి ఈ జిరాక్సు సంపాదించి తెచ్చి, "దాచు, ఎప్పుడైనా చదువుకున్నోళ్ళు చూస్తారు" అని ఇచ్చాడు. ఈవిడ కోపంతోనే డబ్బాలో పడేసింది. 2011లో ఆయన పోయేదాకా ఎప్పుడు మాటా మాటా వచ్చినా ఆ డబ్బు సంగతి ఎత్తిపొడిచేదట. పోయాక కూడా మానలేదు. సంక్రాంతికి పెద్దలకి పెట్టేటప్పుడు విస్తరి ముందు నిలబడి, "తిను, పిల్లల డబ్బు తాగినోడా" అని తిట్టి మరీ పెట్టేది. ఆ తిట్టు నేను చిన్నప్పట్నించీ విన్నదే. మేమంతా నవ్వేవాళ్ళం.

"నాకు చూపించాల్సిందమ్మా" అంది అమ్మ. "నాకు ఎనిమిదో తరగతి దాకా వచ్చు కదా. చదివేదాన్ని కదా."

"నీకు పెళ్ళి కుదిరిన రోజులవి. ఏమని చూపిస్తాను, మీ నాన్న తాగేశాడనా?" అంది అమ్మమ్మ.

మావయ్య కాగితాన్ని బల్బుకి దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. ఎవరు వేసుంటారని అడిగాడు. అమ్మమ్మ ఒక పేరు చెప్పింది. ఆ మనిషి పోయి పదేళ్ళయింది, ఆ పేరు ఇక్కడ రాయను. "ఆయనా లేడు, చెరువూ లేదు, ఎవర్ని అడుగుతాం" అన్నాడు మావయ్య. నాన్న మాత్రం, కాగితాలు మంటలో వెయ్యొద్దన్నారు. అంతకు మించి మేం చేసిందేమీ లేదు. ఇప్పటిదాకా కూడా ఏమీ చెయ్యలేదు. ఏదో సాధించానని రాస్తే సంచికకి బాగుంటుంది గానీ, నాకు తెలిసినంతలో సాధించడానికి అక్కడేం మిగల్లేదు.

తెల్లవారుజామున భోగి మంట వేశాం. మంచం కోళ్ళు, చేటలు, శుభలేఖలు, మందు చీటీలు అందులోకి వెళ్ళాయి. ఈసారి అమ్మమ్మ ఒక్కటి కూడా వెనక్కి తియ్యలేదు. బారసాల చేట తానే వేసింది. నైలాను వలలు కాలిస్తే కంపు కొడతాయని పక్కన పెట్టాం. పాత సామాన్ల వాడు కనుమ వెళ్ళాక వస్తాడంటే, రేడియో, సత్తు గిన్నెలు పక్కింట్లో అప్పజెప్పాం.

సంక్రాంతి నాడు బొమ్మిడాయిల పులుసు పెట్టింది. బొమ్మిడాయిలంటే తాతయ్యకి ప్రాణమట. చేపల్ని బూడిదతో రుద్ది రుద్ది జిగురు వదిలించడం నాకు అప్పజెప్పింది, గంట పట్టింది. మట్టి దాకలో, చింతపండు పులుసుతో. గరిట పెట్టనివ్వలేదు, దాకని పట్టుకుని తిప్పాలట. వండాక విస్తరేసి తాతయ్యకి పెట్టింది. మేమంతా అలవాటు కొద్దీ ఆ తిట్టు కోసం చూశాం. తిట్టలేదు. నిలబడలేదు కూడా. విస్తరి ముందు కూర్చుని, ముళ్ళున్న ముక్క తీసేసి మంచి ముక్క వేసింది.

కనుమ మర్నాడు తిరిగొచ్చాం. దోనె పక్కింటి వాళ్ళకిచ్చేసింది, డబ్బు తీసుకోలేదు. మూడో గుట్ట కడకి రెండు గోనెసంచులకి తేలింది. గూడెంలో విప్పితే అమ్మ పళ్ళెం అందులో ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు తమ్ముడు అందులో తింటున్నాడు. కాగితాల డబ్బా నా ట్రంకు పెట్టెలో ఉంది, మన హాస్టల్లో నా మంచం కింద ఉండేదే ఆ పెట్టె, మూత మీద నా పేరు సగం చెరిగిపోయింది.

అమ్మమ్మకి గూడెంలో మొదటి నెలంతా తోచలేదు. ఇరుకు గదులు, పక్కన లారీల రొద. ఒక రోజు కనిపించకపోతే కంగారుపడి వెతికాం. ఏలూరు కాలవ గట్టు మీద, బట్టలు ఉతికే మెట్ల పక్కన కూర్చుని ఉంది, చేతిలో కర్ర, కర్రకి దారం. తమ్ముడి గాలం అడక్కుండా పట్టుకెళ్ళింది. ఇప్పుడు ఆదివారాలు నేనూ వెళుతున్నాను. పోయిన ఆదివారం రెండు జెల్లలు పడ్డాయి.